చెవి మట్టం కర్రలు

మా ఎర్రన్న బావకి తిన్నది అరగదు గానీ మోకాళ్ళు మాత్రం శుభ్రంగా అరిగిపోయాయి.

ఇది నా సొంత కవిత్వం కాదు. విజయనగరంలో ఎముకల డాక్టరమ్మ నీలవేణి గారు ఎక్స్‌రే ఫిల్మును దీపానికి అడ్డంపెట్టి, పెన్నుతో చూపించి మరీ చెప్పారు. పక్కనే కూర్చున్న మా లక్ష్మణమ్మక్క ఆ నల్లటి ఫిల్ములోకి తొంగిచూసి, "నాను ముప్పై ఏళ్ళ బట్టీ సెప్తన్నాను తల్లీ, ఈ మనిసి లోపలంతా సీకటేనని" అంది.

ఎర్రన్న బావ అంటే మా పెదనాన్న కూతురు లక్ష్మణమ్మ మొగుడు. జూట్ మిల్లులో మగ్గం నడిపి రిటైరయ్యాడు. అదే మిల్లు టైమ్ ఆఫీసులో నేను గుమాస్తాని. పేరు నాగబాబు. నెల్లిమర్ల పక్కన ఒకే ఊళ్ళో, ఒకే వీధిలో, ఎదురెదురు ఇళ్ళు మావి. మిల్లులో బావ వందల్లో ఒకడు. ఊళ్ళో మాత్రం ఒక్కడే ఒకడు, ఎందుకంటే మా ఊరి కర్రసాము గురువు ఆయన. అసలు కర్ర పెత్తనం అంటే మా బావదే.

మాకు మూడేళ్ళకోసారి అమ్మోరి పండగ. గద్దె దగ్గర బయల్దేరిన ఊరేగింపు పొలిమేర దాకా మైలున్నర నడుస్తుంది. ఘటాలు, డప్పులు, వాటి ముందు సాము జట్టు, ఆ జట్టుకి ముందు గురువు. అందరూ చెప్పుల్లేకుండానే. గురువుకి ఇంకో నియమం కూడా ఉంది. ఆయన కర్ర గాల్లో తిరగాలి, లేదా భుజమ్మీద ఉండాలి. నేల తాకిందా, గురువు దిగిపోయినట్టే లెక్క. ఇరవై ఏడేళ్ళ కిందట బావ గురువుగారికి కుమ్మరి వీధి మలుపులో కాలు తూలి కర్ర నేలకానింది. ఆయన అక్కడికక్కడే ఆ కర్రని బావ చేతిలో పెట్టి, పక్కకి తప్పుకుని, జీళ్ళు కొనుక్కుని తింటూ ఇంటికి వెళ్ళిపోయాడట.

అప్పట్నుంచీ బావ వెనక రెండోవాడిగా నడుస్తున్నది దాలయ్య. ఇద్దరూ ఒకే ఈడు, ఒకే గురువు శిష్యులు. తొమ్మిది పండగలుగా దాలయ్య కళ్ళకి ఎర్రన్న వీపు తప్ప మరో దృశ్యం లేదు. ఆ వీపు ఎప్పుడు తప్పుకుంటుందా అని ఆయన కట్టని ముడుపు లేదు.

ఇప్పుడు పండక్కి రెండు నెలలుంది. 2016 శివరాత్రి వెళ్ళిన వారం. బావ వీధి చివర దాకా నడవడానికి రెండు అరుగుల మీద కూలబడుతున్నాడు. ఇంతకాలం ఎవరికీ అడ్డుపడని మనిషికి సొంత మోకాలే మోకాలడ్డింది.

"ఆపరేషనేమీ వద్దు," అన్నారు డాక్టరమ్మ. "నడవాలి. కానీ ఉత్తి చేతుల్తో కాదు. రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని నడవాలి. మోకాళ్ళ మీద పడే బరువు కొంత చేతులు పంచుకుంటాయి. దీన్ని నార్డిక్ వాకింగ్ అంటారు."

"ఏ దిక్కమ్మా?" అన్నాడు బావ.

"ఉత్తర దిక్కే. మంచు దేశాలవాళ్ళ నడక."

"అయితే నారు పోసినోడే దిక్కు బావా, నడు," అన్నాను నేను. డాక్టరమ్మ నా వైపు చూసిన చూపుకి నాకే ఎక్స్‌రే తీసినట్టయింది.

ఆవిడ మూలన ఉన్న అల్యూమినియం కర్రల జత తెచ్చారు. మధ్యలో మర తిప్పితే పొడుగవుతాయి, ఎదురు తిప్పితే పొట్టవుతాయి. బావని నిలబెట్టి, కాన్వాసు బూట్లు వేయించి, కర్ర నేలకానించి పట్టుకోమన్నారు. ముంజెయ్యి గోడకి కొట్టిన మేకులా సూటిగా ముందుకి ఉండాలి, అంటే కర్ర దాదాపు బొడ్డుకి కాస్త పైన తేలాలి. అదీ కొలత.

బావ ఆ మర ఒకసారి అటు తిప్పాడు, ఒకసారి ఇటు తిప్పాడు. మొహం చిట్లించాడు.

"అమ్మా, సాగి ముడుసుకుపోయేదాన్ని కర్రనరు. గొడుగు కామంటారు."

"బలమైందే బాబాయ్."

"అదీగాక బొడ్డు దగ్గిరకేటి? సాము కర్రంటే సెవి మట్టం ఉండాల. సెవికి తక్కువైతే కుక్కల్ని తోలే కర్ర. సెవికి మించితే మామిడికాయలు దులిపే కర్ర. మా గురువు సెప్పినాడు."

"ఇది సాము కాదు బాబాయ్, నడక."

"నడకైనా కర్ర కర్రే."

కర్ర చెవి మట్టం ఉండాలన్న మనిషికి ఎదుటివాళ్ళ మాట మాత్రం చెవి కిందనుంచే వెళ్ళిపోతుంది. ఇంకోటి కూడా చెప్పారు డాక్టరమ్మ. కర్రకి పట్టీ ఉండాలి, చెయ్యి వెనక్కి వెళ్ళినప్పుడు పిడికిలి వదిలెయ్యాలి, ముందుకొచ్చినప్పుడు మళ్ళీ పట్టుకోవాలి. "పట్టూ విడుపూ రెండూ ఉండాలి," అన్నారు. సాము చేసినవాడు ప్రాణం వదుల్తాడు గానీ కర్ర వదలడని బావ జవాబు. ముప్పై ఏళ్ళ కాపురంలో విడుపంటే ఏమిటో చూడలేదని అక్క జవాబు.

ఆటోలో తిరిగొస్తుంటే బావ మెల్లిగా అడిగాడు. "ఒరే, రెండు కర్రలు పట్టుకు తిరిగితే ముసిలోడనరేటి?"

"ఒక కర్ర పట్టుకుంటే ముసలాడంటారు బావా. రెండు పట్టుకుంటే ఆటగాడంటారు."

ఆ ముక్క మాత్రం చెవికెక్కింది.

మర్నాడు అటక మీంచి వెదురు కట్ట దిగింది. బావ కర్ర ఎంచుకోవడం చూసి తీరవలసిన పని. లోపల బోలు ఉందేమోనని ముందు గోరుతో మీటి విన్నాడు. గచ్చు మీద దొర్లించి వంకర చూశాడు. కణుపులు దగ్గర దగ్గరగా ఉన్నవి గట్టివని పక్కకి తీశాడు. మామూలుగా మోకాలికి ఆనించి వంచి చూస్తాడు, ఈసారి ఆ పనికి నా మోకాలు అరువు తీసుకున్నాడు. ఎన్నో ఏళ్ళుగా నూనె తాగి, పొయ్యి పొగలో నల్లబడిన జత ఒకటి తేలింది. చెవి పక్కన నిలబెట్టుకుని, "సూడు, వెంట్రుకవాసి తేడా లేదు," అన్నాడు. వెదురుకి ఎదురు లేదు, బావకి ఎదురు చెప్పేవాడు లేడు. పొందూరు అక్కకి పుట్టినిల్లు. పాత ఖద్దరు కండువా చింపి, మడత పెట్టి కుట్టి, రెండు పట్టీలు చేసి కర్రల కొసన బిగించింది. చెమట పీలుస్తుంది, చెయ్యి ఒరుసుకోదు.

తెల్లారేసరికి చంపావతి ఏటి గట్టు మీద మా నార్డిక్ నడక మొదలైంది.

కర్రలు చెవి దాకా, పట్టీలు కర్రల కొసన. అంచేత బావ చేతులు రెండూ చెవులకి అటూ ఇటూ పైకి లేచి ఉన్నాయి. భోగాపురంలో విమానాశ్రయం వస్తుందని అప్పట్లో ఊరూవాడా ఒకటే కబుర్లు. విమానాలు ఇంకా రాలేదు గానీ వాటిని చేతులెత్తి దింపేవాడు మాత్రం మా గట్టు మీదికి ముందే వచ్చేశాడు. ఎదురుగా చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వస్తున్న మరిడమ్మ టక్కున ఆగింది.

"ఏటి మావా, పోలీసోలెక్కడ?"

"పోలీసోలేటే?"

"మరి సేతులెత్తీసినావు?"

బావ ఎత్తిన చేతులు ఎత్తినట్టే ముందుకి సాగిపోయాడు. పట్టీలున్నా, దించితే కర్రలు పడిపోతాయని ఆయన భయం.

మూడు రోజులకి మోకాలి నొప్పి అలాగే ఉంది, దానికి తోడుగా భుజాల నొప్పి కాపరానికొచ్చింది. అక్క రోజూ ఆముదం కాచి రాస్తోంది. నేను డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, కర్ర పొడుగు తగ్గించకపోతే నడిచీ దండగ అన్నారు. ఆ మాట బావకి చేరవేస్తే, "ఆవిడకి ఎముకలు తెలుస్తాయి. కర్రలు తెలీవు," అన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం షిఫ్టు దిగి వస్తుంటే అక్క గుమ్మంలో నిలబడి వేలితో పిలిచింది. లోపల బావ నిద్రపోతున్నాడు. భోజనం చేశాక రెండున్నర నుంచి నాలుగింటి దాకా ఆ నిద్రలోంచి ఆయన్ని అమ్మోరు కూడా లేపలేదు.

"తమ్ముడా, మీ ఇంట్లో రంపం ఉన్నాదా?"

"ఉంది. ఏం?"

"పండగ ఇంకెన్నాళ్ళు? ఈయన ఇలాగే ఉంటే ఆ దాలయ్య ముందు నడుస్తాడు. ఈయన ఆడి వీపు సూస్తా నడవాల. అదే జరిగితే ఈ మనిసి మంచం ఎక్కీసి మరి దిగడు, నాకు తెలుసు." ఆవిడ గొంతులో హాస్యం లేదు. తరవాతే వచ్చింది. "ఆ కర్రలు ఒక్కసారే కోసీస్తే తెలిసిపోతాది. రోజుకి రెండున్నర వేళ్ళ మందం కోసీ. కుక్కకి తోక కోసినట్టు కాదు, అరటిపండుకి తొక్క తీసినట్టు ఉండాల."

ఆ రోజునుంచీ నా రంపం మొదలైంది. గదిలో బావ గురక ఒక రంపం, పెరట్లో నా చేతిలో ఒక రంపం, రెండూ ఒకటే శ్రుతి. ఆయన ఊపిరి తీసినప్పుడు నేను లాగేవాణ్ణి, వదిలినప్పుడు నెట్టేవాణ్ణి. కింది కొస నుంచి కోసి, గరుకు కాగితంతో రుద్ది, కోసిన చోట పొయ్యి మసి పూసేవాణ్ణి. రాలిన పొట్టు అక్క కల్లాపిలో కలిపేసేది.

నాలుగు రోజులు గడిచేసరికి బావ చేతులు చెవుల దగ్గర్నుంచి గడ్డం కిందికి దిగాయి. వారానికి భుజాల కిందికి వచ్చాయి. అరుగుల మీద కూలబడడం తగ్గింది. నడక వీధి దాటింది, గట్టు దాటింది, మిల్లు గేటు దాకా వచ్చింది. నడకతో పాటు నోరూ సాగింది.

"సూసినావా? సెవి మట్టం కర్ర మహిమ! మొదట్లో సేతులు నొప్పెడతాయి. అలవాటైతే సెయ్యి దానంతట అదే దిగుతాది."

"అవును బావా. అంతా అలవాటే."

"వొంగిన మోకాలు నిటారవతన్నాది. నాను రెండంగుళాలు పెరిగినాను. గోడ మీద కేలండరు ఇదివరకు తలెత్తి సూసీవోణ్ణి, ఇప్పుడు సూటిగా అవుపిస్తన్నాది."

కేలండరు అక్క కిందికి దించి కొట్టింది. ఆవిడ చేసే పనిలో లోటుండదు. బావ పొద్దుటంతా కోతలు కోసేవాడు, నేను మధ్యాహ్నం కోత కోసేవాణ్ణి.

తొమ్మిది రోజులకి కొలత కుదిరింది. ముంజెయ్యి మేకులా సూటిగా నిలబడింది. డాక్టరమ్మ చూసి, "ఇదే కావాలి," అన్నారు. బావ నా వైపు తిరిగి కళ్ళెగరేశాడు, చెవి మట్టాన్ని ఆవిడ చేత ఒప్పించానని.

అక్కడితో ఆపితే బాగుండేది. కానీ మా అక్కకి దేన్నీ పారేసే అలవాటు లేదు. రోజుకి రెండు చొప్పున తొమ్మిది రోజుల ముక్కలు పద్దెనిమిది, అన్నీ పొయ్యి దగ్గర డబ్బాలో దాచింది. పులిమేక ఆటకి మూడు పులులు, పదిహేను మేకలు కావాలి. మూడింటికి పసుపు రాసింది, మిగతావి అలాగే ఉంచింది. అరుగు మీద సుద్దతో గీసిన గళ్ళలో ఆ కొత్త మందని దించింది.

ఆదివారం దాలయ్య వచ్చాడు. పైకి ఆట కోసం, లోపల బావ మోకాలు ఎలా ఉందో చూసిపోవడం కోసం. అరుగు అంచున కూర్చుని కుడికాలు వీధిలోకి బారుగా చాపాడు. గొంతుక్కూర్చోవడం ఎప్పుడో మానేశాడాయన. అది దర్జా అనుకునేవాళ్ళం. బావ పులులు, దాలయ్య మేకలు. నేను ఎదురింట్లో పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాను.

నాలుగు ఎత్తులు అయ్యాక దాలయ్య ఒక మేకని గడిలో పెట్టబోయి ఆగిపోయాడు. వేళ్ళ మధ్య తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఒరే ఎర్రన్నా. ఈ మేక నూనె కంపు కొడతన్నాదేటిరా?"

"మేకన్నాక కంపు కొట్టదేటి. ఆడు."

"ఇది ఆముదం. పొగ పట్టింది. కణుపు సూడు." దాలయ్య కళ్ళు మెరిశాయి. "ఇది సాము కర్రరా! ఇదీ సాము కర్రే. ఈ పులీ సాము కర్రే!"

నేను పేపరు మొహానికి దగ్గరగా లాక్కున్నాను. పేపరు తలకిందులుగా ఉందని అప్పుడు తెలిసింది.

బావ లోపలికి వెళ్ళి కర్రల జత తెచ్చాడు. చెవి పక్కన నిలబెట్టబోయాడు. కర్ర చెవిని వెతుక్కుంటూ వెళ్ళి బొడ్డు పైనే ఆగిపోయింది. ఇంకో చెవి వైపు పెట్టి చూశాడు. అక్కడా అంతే.

దాలయ్య నవ్వు నెల్లిమర్ల స్టేషను దాకా వినబడి ఉంటుంది. "సొంత కర్రని సొంత ఇంట్లో మేకలు సేసి ఆడేసుకుంటన్నావా! ఒరే, గురువు కర్ర సెవి నుంచి బొడ్డుకి దిగిపోనాది. పండగ నాటికి పాదాల కాడికొస్తాది!"

బావ నవ్వలేదు. "లచ్చిమణా!"

అక్క చేట పట్టుకుని వచ్చింది. "ఏటి కేకలు?"

"నా కర్ర ఎవుడు కోసినాడు?"

"మా తమ్ముడు. నానే కోయమన్నాను."

దాచకుండా చెప్పేసరికి బావకి తిట్టడానికి అంది వచ్చిన తిట్టు కూడా జారిపోయింది. ఆవిడ చేట కింద పెట్టి మళ్ళీ అంది. "నిన్న మిల్లు గేటు దాకా నడిసొచ్చి, నాలుగు ముద్దలు ఎక్కువ తిని, 'మోకాలు నాది కాదనిపిస్తన్నాది' అన్నది ఎవుడు? నువ్వా, దాలయ్యా?"

"గురువు సెప్పిన కొలత..."

"మీ గురువు తిప్పడానికి సెప్పినాడు. ఆనుకోడానికి సెప్పినాడేటి?"

బావ కోపం అక్క మీంచి నా మీదికి మళ్ళింది. నాతో మాటలు మానేశాడు. మర్నాడు పంతానికి అటక మీంచి ఇంకో చెవి మట్టం జత దించి గట్టు మీదికి వెళ్ళాడు. సగం దారిలోంచి భుజాలు పట్టుకుని తిరిగొచ్చాడు. పొట్టి జత పుచ్చుకుని మళ్ళీ వెళ్ళాడు. నాకు మాత్రం శిక్ష పడింది. "రేపట్నుంచి నువ్వూ నడు. ఈ పొడుగు జత నీకు." రెండు వారాలు గట్టు మీద చేతులెత్తుకు తిరిగాను. మరిడమ్మ బుట్ట దించి, "రెండోవోడు కూడా దొరికీసినాడా!" అంది.

ఇక నడక నిజంగా దారిన పడింది. తారు రోడ్డు మీద వెదురు కొస చీపురులా చీలుతోందని, ఏటి ఇసకలో దిగబడిపోతోందని బావ సణిగితే, అక్క పాత హవాయి చెప్పుల రబ్బరు గుండ్రంగా కోసి కింద బిగించింది. బావ పిడికిలి వదలడం కూడా నేర్చుకున్నాడు. ఖద్దరు పట్టీ ఉంది గనక కర్ర ఎక్కడికీ పోదని ఒప్పుకోవడానికి ఆయనకి నెల పట్టింది.

పండక్కి వారం ముందు దాలయ్య పెద్దల్ని పోగేశాడు. "ఎర్రన్న ఆ కర్రలతో వస్తానంటే ఒప్పేది లేదు. కర్ర నేల తాకితే దిగిపోవాల. పైగా వాటికి సెప్పులు తొడిగినాడు. అమ్మోరి ముందు సెప్పులేటి?"

"కర్రలు తేను," అన్నాడు బావ. "ఉత్తి కాళ్ళతోనే నడుస్తాను. నడవలేకపోతే అక్కడే నీ సేతిలో పెడతాను. సరేనా?"

"సరే," అన్నాడు దాలయ్య, మరీ తొందరగా.

పండగ నాడు పొద్దున్నే అక్క నా చేతికి పసుపు గుడ్డలో చుట్టిన పొడుగాటి మూట ఇచ్చింది. "ఇప్పకు. ఈపున ఏసుకుని నా ఎనకే రా. నాను సూసినప్పుడు ఇప్పు."

"ఏముందక్కా?"

"నీ నోరు కన్నా మంచిది."

ఎండ తిరిగాక ఊరేగింపు లేచింది. బావ చెవి మట్టం గురువు కర్ర గిర్రున తిప్పుతూ గద్దె దిగాడు. నిజం చెప్పాలంటే మైలు దాకా కుర్రాళ్ళకే ఆయాసం వచ్చింది. పక్క ఊరివాళ్ళు కూడా, "ఈయనకేనా మోకాలు పోయిందన్నారు?" అని గుసగుసలాడారు. వెనక దాలయ్య కర్ర తిప్పుతున్నాడు గానీ కళ్ళు మాత్రం బావ కాళ్ళ మీదే.

కుమ్మరి వీధి మలుపు. గురువుగారు దిగిపోయిన చోటే. బావ ఒక చుట్టు తిరిగి ఆగాడు. ఆగడమంటే నిలబడడం కాదు, కుడి మోకాలు బిగుసుకుపోయింది. కర్ర భుజమ్మీదికి చేర్చాడు. పెదవి కొరుక్కున్నాడు. డప్పులు రెండు దెబ్బలు తడబడి ఆగాయి.

"ఏరా, ఆగిపోనావు?" దాలయ్య గొంతు. చెయ్యి అప్పుడే ముందుకి చాచాడు.

బావ వెనక్కి తిరిగి చూశాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు నేను అదొక్కసారే చూశాను. ఘటం నెత్తిన పెట్టుకున్న అక్క మెడ కదపకుండా కళ్ళతో నావైపు చూసింది. మూట విప్పాను.

మా పొట్టి జతే. కింద చెప్పుల రబ్బరు లేదు. దాని బదులు ఒక్కో కర్రకి బోర్లించిన కొబ్బరి చిప్ప, పసుపు రాసి, బొట్టు పెట్టి ఉంది. కర్ర కొస చిప్ప లోపల, నేలకి రెండు వేళ్ళ ఎత్తునే ఆగిపోయింది. మిగతాదంతా జనపనార, కొబ్బరి పీచు కూరి గట్టిగా బిగించింది. ఉత్తి కాళ్ళతో నడిస్తే బూట్ల ఎత్తు తగ్గుతుందని లెక్కగట్టి కర్రలింకో అంగుళం కోసింది కూడా, ఈసారి నన్ను పిలవకుండా.

గురువు కర్రని భుజమ్మీదుగా వీపున కండువాతో బిగించి, బావ చేతులకి పట్టీలు తొడిగాను. అడుగు వేశాడు. టక్. ఇంకో అడుగు. టక్.

"ఆగండి!" దాలయ్య ముందుకొచ్చాడు. "కర్ర నేల తాకీసింది! అందరూ సూసినారు!"

"ఏ కర్ర?" అంది అక్క ఘటం కిందనుంచి. "గురువు కర్ర ఈపు మీదున్నాది."

"మరి సేతిలోవి కర్రలు కావేటి?"

"కర్రలే. నేల తాకినాయని ఎవుడన్నాడు? నేల తాకింది కొబ్బరి సిప్ప. మొన్న మంగళారం అమ్మోరికి కొట్టిన కాయ. అమ్మోరి కాయ అమ్మోరి నేల తాకకూడదని పెద్దల్ని సెప్పమను, ఇప్పుడే తీసేస్తాం."

పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ మాట ముందు ఎవరంటారా అని ప్రతివాడూ పక్కవాడి కోసం ఆగాడు.

"నమ్మకపోతే వొంగి సూసుకో దాలయ్యా," అంది అక్క మెత్తగా. "కర్ర కొస కనపడితే నువ్వే గురువు."

దాలయ్య తన కర్ర వెనకవాడి చేతికిచ్చి వంగాడు. చిప్ప కిందికి చూడాలంటే సగం వంగితే చాలదు, గొంతుక్కూర్చోవాలి. కూర్చున్నాడు. డప్పులు ఆగిపోయి ఉన్నాయి గనక, ఆయన మోకాలు చేసిన చప్పుడు వీధంతా వినబడింది. ఎండు కందికంప విరిచినట్టు.

చూశాడు. కొస కనపడలేదు. లేద్దామనుకున్నాడు. లేవలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. అరిచెయ్యి నేలకానించాడు. మొహం ఎర్రబడింది.

"ఏరా, ఆగిపోనావు?" అన్నాడు బావ.

జనం నవ్వారు. దాలయ్య మాత్రం తలెత్తి, ఎవరికీ వినపడకూడదని గొణిగాడు. "రెండేళ్ళ బట్టీ ఇంతేరా. ఎవుడికి సెప్పుకుంటాను?"

బావ ఎడమ చేతి పట్టీ విప్పాడు. పిడికిలి వదిలాడు. కర్ర దాలయ్య ముందుకి జరిపాడు. "పట్టుకు లెగు. సెవి మట్టం కాదు, మరి నీ ఇష్టం."

దాలయ్య ఆ కర్ర పట్టుకుని అంచెలంచెలుగా లేచాడు. కర్ర తిరిగి ఇవ్వబోయాడు గానీ కాలు ఒప్పుకోలేదు. ఇద్దరికీ చెరో కర్ర మిగిలింది. ముందుకి పోవాలంటే ఒకరి భుజం ఒకరు పట్టుకోవాలి. పట్టుకున్నారు. టక్, టక్, టక్, టక్. డప్పువాళ్ళు ఆ దెబ్బ అందుకున్నారు. వెనక గుంపులో కళ్ళు కనపడని ముసలమ్మ ఎవరో, "అమ్మోరి గుర్రం వొచ్చీసింది తల్లో!" అని చేతులు జోడించింది. పొలిమేర దాకా ఆ గుర్రం ఆగలేదు. మోకాలి చిప్పలు చేతులెత్తేస్తే కొబ్బరి చిప్పలు ఆదుకున్నాయి. ఇరవై ఏడేళ్ళ తరవాత దాలయ్యకి ఎర్రన్న వీపు కాకుండా చెవి కనపడింది. ఆ చెవిలో దారి పొడుగునా ఏదో గొణుగుతూనే ఉన్నాడు. ఏమిటని తరవాత అడిగితే, "కొలత అడిగినాడు," అన్నాడు బావ.

నాలుగో రోజు దాలయ్య మా వీధిలోకి వచ్చాడు. జేబులో నీలవేణి గారి చీటీ, చంకలో నూనె తాగిన వెదురు కర్రల జత. అరుగు మీద కాలు చాపుకుని కూర్చుని రెండూ చెవి పక్కన నిలబెట్టి చూపించాడు.

"బొడ్డు కాడికి కొయ్యమంటన్నాది డాక్టరమ్మ. ఎర్రన్నంటే పెళ్ళాం మాట వింటాడు. నానొల్ల. సాము కర్రంటే సెవి మట్టం ఉండాల. ఏటంటావు నాగబాబూ?"

బావ నా వైపు చూశాడు. కళ్ళెగరేశాడు.

"ముమ్మాటికీ చెవి మట్టమే దాలయ్య బావా," అన్నాను. "ఇంతకీ మధ్యాహ్నం భోంచేశాక కాసేపు పడుకునే అలవాటుందా నీకు?"

"ఉన్నాది. రెండింటికి పడుకుంటే నాలుగు దాకా లెగను. ఏటికి?"

లోపల్నుంచి అక్క ఖాళీ డబ్బా కడుగుతున్న చప్పుడు వినిపించింది.